అక్క నిద్రా, నాలుగు గొట్టాలూ

ఆ రోజుల్లో మగవాడి విలువ అతని కారు వెనక గొట్టంలోంచి వినిపిస్తుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, పాతికేళ్ళ వయసులో, బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ డిజైన్ సెక్షన్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చి, చేతిలో నాలుగు రాళ్ళు ఆడుతున్నప్పుడు మనిషికి సిగ్గు తప్ప అన్నీ ఉంటాయి. నాకైతే ఒక పాత స్పోర్ట్స్ కారు కూడా ఉండేది. రెండు తలుపులు, నేలకు జానెడు ఎత్తు, ఎండకు వెలిసిపోయిన ఎరుపు, నాకంటే మూడేళ్ళే చిన్నది. హోసూరు రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని పొట్ట తడిమి గానీ పంపేది కాదు. అందరూ ఇలాంటి కారును ఆదివారం బయటికి తీసి తుడిచి మళ్ళీ లోపల పెడతారు. నేను రోజూ దాంట్లోనే తిరిగేవాణ్ణి (వేరే బండి లేదు కాబట్టి అని కాదు, కానీ లేదు).

ఆ కారులో రోజూ ఎక్కే రెండో మనిషి మా అక్క. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో నర్సింగ్ చదివి, బెంగళూరు వచ్చి, తన కాళ్ళు నేలమీద ఆనగానే నన్ను రప్పించి, చదివించి, ఉద్యోగం వచ్చాక కూడా చందాపురలో తన ఇంట్లోనే పెట్టుకుని అన్నం పెడుతున్న మనిషి. ఆమెకు ఎక్కువగా నైట్ డ్యూటీలే పడేవి. పొద్దున్నే నేను సిటీ వైపు వెళ్ళి ఆసుపత్రి గేటు దగ్గర ఆమెను ఎక్కించుకుని, చందాపురలో దింపి, అప్పుడు ఆఫీసుకు పోయేవాణ్ణి. ఎక్కగానే చెప్పులు విడిచి, సీటు వెనక్కి వాల్చి, చున్నీ ముఖం మీద కప్పుకునేది. బెల్టు పెట్టుకున్న చప్పుడుకూ మొదటి గురకకూ మధ్య ఒక సిగ్నల్ దూరం కూడా ఉండేది కాదు. ఇంటికి చేరితే పిల్లల బడి, వంట, గ్యాస్ బండవాడు, చర్చిలో స్త్రీల కూడిక గురించి ఫోన్లు. బావ అప్పటికే అత్తిబెలెలో ఫస్ట్ షిఫ్టుకు వెళ్ళిపోయి ఉండేవాడు. "ఇంట్లో తీసేది కునుకురా తమ్ముడూ, నీ కార్లో పోయేదే నిద్ర" అనేది అక్క. ఆ ముప్పావుగంటే ఆమెకు రాత్రి.

ఒకరోజు ఇంజన్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. బొమ్మసంద్ర లోపలి రోడ్డులో సైలెన్సర్లు చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. తాతల కాలంలోనే బెంగళూరులో స్థిరపడిన తెలుగాయన. నేను ఆయన్ని సైలెన్సరన్న అనేవాణ్ణి. ఆయన కిందికి దూరి, లైటు వేసి చూసి, "పొగ పోయే గొట్టంలో చిన్న పగులు ఉండాది అప్పా. వెల్డింగ్ పెడితే ఇంకో రెండేండ్లు వస్తాది. సుమ్నే, ఊరికే ఉన్నదాన్ని కెలకొద్దు" అన్నాడు. కానీ నా చెవికి ఆ మాటలు ఎక్కలేదు. పగిలిందంటే మార్చమని దేవుడే చెప్పాడనుకున్నాను. మార్చడమంటే హెడర్స్. అంటే ఇంజన్ నాలుగు సిలిండర్ల పొగనూ నాలుగు విడి గొట్టాల్లోంచి తీసుకొచ్చి కలిపే సరంజామా. అందులో రెండు జాతులు. నాలుగూ ఒక్కచోటే కలిసేవి ఒకటి, ముందు జంటలుగా కలిసి తరువాత ఒక్కటయ్యేవి ఇంకొకటి. మొదటిది పరుగుపందేలకు మంచిదట, రెండోది రోజూ తిరిగేవాళ్ళకు. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గది తలుపులు వేసుకుని, ప్రపంచంలోని పాత కార్లన్నీ ఖాళీ రోడ్ల మీద అరవడం వింటూ నోటుపుస్తకంలో మార్కులు వేసేవాణ్ణి. అక్క టీ గ్లాసు బల్లమీద పెట్టి, "ప్రమోషన్ పరీక్షేమో, చదువుకోనీ" అని పిల్లల్ని అవతలికి తోలేది.

మార్కులన్నీ కూడితే పరుగుపందేలదే గెలిచింది (నేను కూడిన తీరుకు అది తప్ప ఇంకేదీ గెలవదు). కాగితం తీసుకెళ్ళి సైలెన్సరన్న ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడకుండా నా మొహమే చూసి, "దినామూ బండ్లో ఎవురెవురు కూచుంటారప్పా?" అని అడిగాడు. నిజం చెప్పడానికి ఎంతసేపు? కానీ స్పోర్ట్స్ కారు యజమాని పక్కన టిఫిన్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోయే నర్సక్క ఉంటుందని చెప్పాలంటే నాకు నామోషీ అనిపించింది. "నేనొక్కణ్ణే" అన్నాను. "ఒక్కడివే అయితే సరే. నీ చెవులు, నీ ఇష్టం" అని ఆయన పనిలో దిగాడు. హెడర్స్ గొంతు పూర్తిగా పలకాలంటే మధ్యలో ఉండే చిన్న సైలెన్సర్ అడ్డమని ఎవరో మహానుభావుడు ఇంటర్నెట్‌లో రాస్తే, దాన్నీ ఊడబీకించాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రి గేటు దగ్గరికి నేను రాకముందే నా చప్పుడు వచ్చింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. అక్క ఎక్కి, బెల్టు పెట్టుకుని, చున్నీ కప్పుకుంది. నేను గేరు వేశాను. చున్నీ కిందికి జారి రెండు కళ్ళు బయటికొచ్చాయి. "బాగుందా అక్కా?" అని అరిచాను. "బాగుందిరా, సింహంలాగుంది" అని తనూ అరిచింది. ఇంకో సంగతి ఏమిటంటే, ఈ గొట్టాల బలమంతా ఇంజన్ గిర్రున తిరిగితేనే బయటపడుతుంది. హోసూరు రోడ్డులో పొద్దున పూట తిరగగలిగేది ఆటోవాడి మీటరొక్కటే. కదలడానికే ముందుకన్నా ఎక్కువ తొక్కాలి, తొక్కితే అరుపు. సింహం అరుస్తుండగానే సిమెంటు లారీ మమ్మల్ని దాటిపోయేది. ఆదివారం చర్చికి ఆలస్యంగా వెళ్తే, ప్రార్థనలో కళ్ళు మూసుకున్న సంఘమంతా ఒక్కసారిగా కళ్ళు తెరిచిందని మా మేనకోడలు సంబరంగా చెప్పింది.

వారం తిరక్కుండానే అక్క, "రేపట్నుంచి రావద్దులేరా, తోటి నర్సులతో కలిసి బస్సులో వస్తాను, కబుర్లు చెప్పుకోవచ్చు" అంది. నేను నమ్మాను. సిగ్గులేకుండా ఇంకో మాట కూడా చెప్పాలి, కొంచెం సంతోషించాను కూడా. పొద్దున ఇంకో గంట పడుకోవచ్చు కదా.

పది రోజుల తరువాత ఆఫీసులో ఉండగా అక్క నంబరు నుంచి ఫోను. మాట్లాడింది మాత్రం బస్సు కండక్టరు. "ఫోన్లో తమ్ముడు అని ఉండాది, మీ అక్కనా అప్పా ఈమె? బండి అత్తిబెలెకి వచ్చి నిలిచి ఉండాది. రెండుసార్లు పిలిస్తిమి. ఇంక లేపేదానికి మనసు రాలేదు. వచ్చి పిలుచుకుని పో" అన్నాడు. నేను వెళ్ళేసరికి అక్క రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుకు ఇవతల టీ కొట్టు బెంచీ మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లలాగా కూర్చుంది. చందాపుర దాటి అత్తిబెలెకు రావడం అది నాలుగోసారని కండక్టరే చెప్పాడు. తోటి నర్సులు ఎవరూ లేరు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మూడు నెలలు కూర్చుని ఎంచుకున్నావు కదరా. పదో తరగతికి కూడా నువ్వంత చదవలేదు" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మీద దుమ్మంటూ తుడుచుకున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా సైలెన్సరన్న దగ్గరికి పోయాను. ఆయన అక్కను చూసి, నన్ను చూసి, "ఈయమ్మ దినామూ కూచుంటాదా?" అన్నాడు. తల ఊపాను. "ముందే చెప్పుంటే పోయేది కాదా అప్పా" అని గొణిగి, మూలన పడేసిన నా పాత గొట్టాన్నీ, ఊడబీకిన చిన్న సైలెన్సర్‌నూ బయటికి తీశాడు. "గొంతు పెంచమని వచ్చేవాళ్ళే అందరూ. తగ్గించమని వచ్చినోడివి నువ్వొక్కడివే" అన్నాడు, వెల్డింగ్ అద్దాలు పెట్టుకుంటూ. అక్క అక్కడే స్టూలు మీద కూర్చుని, ఆ సుత్తి దెబ్బల మధ్యే కునికిపాట్లు పడింది.

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క ఎక్కి చున్నీ కప్పుకుంది. షెడ్డు గేటు దాటకముందే గురక అందుకుంది. చందాపుర వచ్చింది. మా వీధి మలుపూ వచ్చింది. ఆపితే లేస్తుంది. ఆఫీసుకు సెలవని మెసేజి పెట్టి, తిన్నగా పోనిచ్చాను. అత్తిబెలె దాకా పోయి, తిరిగి చందాపురకొచ్చి, మళ్ళీ తిప్పాను. రెండోసారి చెక్‌పోస్టు దగ్గర అక్క చున్నీ తీయకుండానే, "ఇల్లింకా రాలేదట్రా?" అని అడిగింది.

"ట్రాఫిక్ అక్కా" అన్నాను, ఎదర రోడ్డంతా ఖాళీగా ఉండగా.

చున్నీ అంచు కొంచెం లేచింది. అక్క ఒక కన్నుతో చెక్‌పోస్టును చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కప్పుకుంది. ఆ పాతికేళ్ళ కుర్రాడి వేషాలన్నీ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ మధ్యాహ్నం వాడు చెప్పిన ఆ ఒక్క అబద్ధానికి మాత్రం ఈనాటికీ వాడంటే ముచ్చటేస్తుంది.