రెడ్డిగారి గ్లాసులో పోసిన గుక్కెడు

1955 మాఘమాసంలో మా హోటలు నన్ను మద్రాసు నుంచి ఆత్మకూరుకు పంపింది. అప్పట్లో నేను వైను బట్లరును. అంటే ఏ వైను ఎంత చల్లగా ఉండాలి, దాని పక్కన ఏ తిండి పెట్టాలి అన్నది చూసుకునేవాణ్ణి. మద్యనిషేధం వచ్చాక ఆ పని, తాగడానికి సర్కారు పర్మిట్టు ఉన్న విదేశీయుల బల్లల దగ్గరే మిగిలింది. ఆత్మకూరులో అభ్రకం గనులున్న ఒక రెడ్డిగారింటికి, సరుకు కొనే జర్మనీ దొర మధ్యాహ్న భోజనానికి వస్తున్నాడు. తన దేశపు నురగ వైను ఒక సీసా వెంట తెస్తున్నాడు. వాళ్ళు దాన్ని జెక్ట్ అంటారు. మర్యాదలో లోటు జరిగితే బేరం చెడుతుందని రెడ్డిగారి భయం.

జెక్ట్ రుచి నాకు నిషేధానికి ముందే తెలుసు. దోర ఆపిలు పులుపు, కాల్చిన రొట్టె వాసన, నాలుక మీద చిటపటలాడే బుడగలు. ఉప్పగా, కరకరలాడేవి దానికి మంచి జోడీ. చింతపండూ మిరపకారమూ తగిలితే ఆ బుడగలే సూదులవుతాయి. అందుకని పెన్న చేపను ఉప్పు, మిరియాలతో వేయించమన్నాను. గారెలు, జీడిపప్పు చెప్పాను. చేపల పులుసు మాత్రం గ్లాసులు తీసేశాకే అన్నాను.

రెడ్డిగారి తల్లికి అది నచ్చలేదు. “పులుసు లేకండా చేపేందయ్యా? సర్లే, నీ ఇష్టం” అని వంటింట్లోకి వెళ్ళబోతూ ఆగింది. “ఆ సీసా మావాడి జోలికి రాకండా చూడు నాయనా. వాళ్ళ నాయన తాగి తాగే పోయినాడు. ముట్టనని వీడు నా తలమీద చెయ్యి పెట్టి చెప్పినాడు.”

పర్మిట్టు దొరొక్కడికే, ఇంకొకరు తాగితే నేరం, ఆ పూచీ నాది అన్నాను.

నెల్లూరు నుంచి రంపపు పొట్టులో వచ్చిన ఐసులో సీసాను చల్లబరిచి, బిరడా చప్పుడు కాకుండా తీశాను. మా హోటల్లో ఒక పద్ధతి ఉంది. ముందుగా విందు ఇచ్చే యజమాని గ్లాసులో గుక్కెడు పోయాలి. ఆయన రుచి చూసి తలూపాకే అతిథికి. బల్ల నిండుగా కనబడాలని రెండు గ్లాసులు పెట్టింది నేనే. ఆత్మకూరులోనూ సర్వీసు సక్రమంగా జరుగుతుందని దొర చూడాలన్న గొప్ప ఒకటి. అలవాటుపడ్డ చెయ్యి రెడ్డిగారి గ్లాసులో పోసేసింది.

దొర ఖాళీ గ్లాసు పట్టుకుని నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. రెడ్డిగారు తన గ్లాసు వంక చూశారు. గారెల పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ గ్లాసు తీసి దొర ముందు పెట్టి, పొరపాటైందంటే సరిపోయేది. పేరున్న బట్లరును, దొర ఎదుట తప్పు ఒప్పుకోవడమా అనిపించింది. తెల్ల గుడ్డ చేతి మీద వేసుకుని అలాగే నిలబడ్డాను.

రెడ్డిగారు తాగారు. తలూపారు.

చేపకూ జెక్ట్‌కూ భలే కుదిరిందని దొర నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటూ సిగ్గుతో చచ్చిపోయాను. బేరం మాత్రం కుదిరింది.

దొర కారు వెళ్ళాక రెడ్డిగారు ఆకు ముందు కూర్చుని, “అమ్మా, అన్నం పెట్టు” అన్నారు. ఆమె ఆయన పక్కనే నాకు ఆకు వేసి, అన్నం పెట్టి, పులుసు పోసింది. ఆయన ఆకు ఖాళీగానే ఉంది. తప్పు నాది అవ్వా అన్నాను.

“నీదేముండాది నాయనా, నీ పని నువ్వు చేసినావు. తిను” అంది.



ఉద్యోగం మానేదాకా నేను, బల్ల దగ్గర ఎవరు తాగరో ముందే అడిగి, వాళ్ళ ముందు గ్లాసు పెట్టేవాణ్ణి కాదు. పర్మిట్టు ఎవరిదో మొదటి గుక్క వారికే పోసేవాణ్ణి. వైనుకు తిండి జోడీ కుదర్చడం ఆ తర్వాతి పని.