మావగారు సానపట్టిన రంపం

1978 ఆరంభంలో నన్ను రోడ్ల శాఖ సెక్షన్ ఆఫీసరుగా అవనిగడ్డ నుంచి మచిలీపట్నం వేశారు. కిందటి నవంబరు ఉప్పెనకు వేళ్ళు కదిలిన చెట్లు రోడ్ల పక్కన ఇంకా ఒరిగే ఉన్నాయి. వాటిని తీయించడం నా పని. అందుకు శాఖ ఒక మోటారు రంపం ఇచ్చింది. దాని పట్టీ చుట్టూ సైకిల్ చైనులాంటి గొలుసు తిరుగుతుంది. గొలుసు మీది పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వాలి ఉంటాయి. ఇసుక పట్టిన మానులు కోస్తే ఒక్క పూటకే మొద్దుబారేవి. సానపట్టేవాడు ఊళ్ళో దొరకక, నేను దిగిన అత్తవారింటికి తెచ్చి గుండ్రటి ఆకురాయితో నేనే అరగదీసేవాణ్ణి.

మావగారు దేవదానంగారు రిటైరయిన డ్రిల్లు మాస్టారు. ఒక సాయంత్రం, "మీరు స్నానం చేయండి అల్లుడుగారూ, దీని సంగతి నేను చూస్తా" అని ఆకురాయి లాక్కున్నారు.

మర్నాడు కరీంగారి టీకొట్టు మీదికి ఒరిగిన నిద్రగన్నేరు తీయాలి. తాళ్ళతో రోడ్డు వైపు లాగి కట్టాం. కోత తిన్నగా పడకపోతే మాను కొట్టు మీదికే వస్తుంది. కరీంగారు మాత్రం, పాలు పొయ్యి మీదున్నాయని లోపలే కూర్చున్నారు. ముందుగా ఒక దుంగ మీద రంపం పెట్టి చూశాం. మొదట తిన్నగా దిగి, ఆపైన నెలవంకలా పక్కకి తిరిగింది.

"సార్, అది దుంగ కోస్తోందా, పుచ్చకాయ ముక్క కోస్తోందా?" అంటూ కరీంగారు పాలగిన్నెతో సహా రోడ్డు దాటేశారు.

పని ఆపించి ఇంటికొచ్చి చూశాను. ఒక వైపు పళ్ళు సగానికి అరిగాయి. రెండో వైపు వాటిని ఆకురాయి తాకనే లేదు. మెల్లగా అడిగాను.

"వాలుకుర్చీలోంచి అందినవి అవేనండీ. మిగతావాటికి లేచి అవతలి పక్కకి వెళ్ళాలి," అన్నారు మావగారు.

"ఇన్నేళ్ళ కాపురంలో అవతలి పక్క ఒకటుందని ఈయనకెప్పుడు తెలిసింది గనక!" అంటూ వంటింట్లోంచి అత్తగారు వచ్చి, ఎదురుగా కూర్చుని ఆకురాయి అందుకున్నారు. ముందుకూ వెనక్కూ రుద్దకూడదనీ, ఒకే వాలులో లోపలి నుంచి బయటికి తోయాలనీ చెప్పాను. మావగారు ఉండబట్టలేక "ఒన్, టూ" అని లెక్కపెట్టబోయారు.

"మీ విజిలుకి ఆడడానికి నేను బళ్ళో పిల్లని కాదు," అన్నారావిడ.

మర్నాడు రంపం నుంచి పొడి కాక, పేళ్ళు రాలాయి. పదునుకు అదే గుర్తు. మాను రోడ్డు మీదే పడింది. కరీంగారు అందరికీ టీ పోసి, "నిన్న పుచ్చకాయ కోసిన రంపానికి సానపట్టిన పెద్దమనిషి ఎవరండీ?" అని అడిగారు. అది శాఖాపరమైన విషయమని చెప్పాను.

గొలుసు సానలో పదును సగం పనే. అన్ని పళ్ళనూ వాటిలో పొట్టిదాని కొలతకు తేవాలి. దుంగ మీద కోసి చూడనిదే మాను జోలికి పోకూడదు. ఒక వైపు పూర్తయ్యాక, ఎంతటివారైనా లేచి రెండో వైపు కూర్చోవాలి.