సీనియారిటీ ప్రకారం మంటలార్పిన వైనం

మా ముత్తాత కెంచార్లహళ్ళి చుట్టూ ఏడూళ్ళకు పటేలు. మా తాత తొలి తాంబూలం అందుకోనిదే జాతరలో తేరు కదిలేది కాదు. ఆ వంశంలో పుట్టిన నేను రెండో ప్రపంచ యుద్ధపు రోజుల్లో చింతామణిలోని ఒక బడిలో తాత్కాలికపు మాష్టరుగా చేరాను. అప్పటికి మా తాతల దగ్గరనుంచి నాకు దక్కింది ఊళ్ళో ఒక మామిడితోపు, ఎద్దుల జత, వంగడం రాని నడుము, అంతే. బాంబులు పడితే మంటలార్పడం బడి సిబ్బందికి నేర్పాలని పైనుంచి హుకుం వచ్చింది. మూడు రోజుల శిక్షణకు కోలారు వెళ్ళడానికి పెద్దలెవరూ ఒప్పుకోక నన్ను పంపారు. తిరిగొచ్చి అందరికీ గురువునయ్యాను. హెడ్మాష్టరు మాత్రం గదిలోకి పిలిచి, "చిక్కబళ్ళాపురం నుంచి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు నీ మంటలార్పడం చూసేకి వస్తాండాడప్పా. ఆయన మెచ్చితే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే వచ్చే జూన్‌కి నీ జాగాలో ఇంకొకడు" అని తేల్చేశారు.

పద్ధతి తేలికే. బావి నుంచి మంటదాకా వరసగా నిలబడి బక్కెట్లు చేతులు మార్చాలి. చిక్కంతా ఆ వరసలోనే వచ్చింది. మా బడిలో హాజరు సంతకం మొదలుకొని కాఫీ లోటాదాకా అన్నీ సర్వీసు ప్రకారమే. అందుకని అందరికన్నా పెద్దవారైన హెడ్మాష్టరు మంట దగ్గర, చిన్నవాణ్ణయిన నేను బావి దగ్గర. ఏడూళ్ళ పటేలు మునిమనవడు చేద తోడటమా! తాడు బంట్రోతు పని చేసే బడి జవాను చేతికిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. (పర్యవేక్షణ అని దానికి పేరు పెట్టాను.)

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పిల్లలందరినీ మైదానంలో కూర్చోబెట్టి, గడ్డికుప్పకు నిప్పు పెట్టాము. మొదటి బక్కెట్టు కన్నడ పండితుల దాకా వెళ్ళి ఆగిపోయింది. పై చోటులో డ్రిల్లు మాష్టరున్నాడు. "నాకంటే సర్వీసులో పదినెలలు చిన్న ఆయప్ప. ఆయనకు నేను కిందినుంచి అందించాల్నా?" అన్నారు పండితులు. "బాగేపల్లిలో చేసిన సర్వీసు ఉండాది కదా స్వామీ, దాన్ని కలపరా?" అన్నాడు డ్రిల్లు మాష్టరు. తగవు తీర్చడానికి హెడ్మాష్టరు సర్వీసు రిజిస్టరు తెమ్మన్నారు. జవాను తాడు వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాడు. ఇంతలో గాలి తిరిగి, రవ్వలు ఎగిరి బోదగడ్డి కప్పిన మూడో తరగతి కొట్టం మీద పడ్డాయి. "నీళ్ళు యాడ? నీళ్ళు యాడప్పా?" అని హెడ్మాష్టరు కేకలు. ఇన్‌స్పెక్టరు నావైపే చూస్తున్నాడు.

తాడందుకున్నాను. నడుము వంగింది. "పండితులవారూ, మీ సర్వీసు ఆ మంటకు చెప్పుకోండి! ముందు బక్కెట్టు అందించండి!" అని అరిచాను. పెద్దల మీద అంత గొంతు చేసుకోవడం అదే మొదలు. పండితులు డ్రిల్లు మాష్టరు చేతికే అందించారు. రిజిస్టరుతో తిరిగొచ్చిన జవాను దాన్ని దుమ్ములో పారేసి కొట్టమెక్కాడు. కిందనుంచి సాక్షాత్తు హెడ్మాష్టరే అతనికి నీళ్ళందించారు. ఒక మూల మాత్రం నల్లబడి కొట్టం దక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"భేష్ మాష్టరూ! ఇంట్లో నీళ్ళు తోడి తోడి బాగా అలవాటైనట్టుండాదే మీకు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. (అంత పొగడ్త, అంత పరువునష్టం నేను ఒక్క మాటలో మళ్ళీ ఎన్నడూ వినలేదు.) "అవునండి" అన్నాను, అరచేతుల బొబ్బలు కనపడకుండా పిడికిళ్ళు బిగించి.

బిర్రబిగిసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ముద్దూ వస్తుంది. వాడి ఉద్యోగం ఖాయమైంది. నేను చింతామణిలోనే ఉండిపోవడంతో సేద్యం చూసుకునేవాళ్ళు లేక, మరుసటి ఏడు కెంచార్లహళ్ళి మామిడితోపును, ఎద్దుల జతతో సహా, అమ్మేశాము.