పక్క సీట్లో ధ్యానం ఆంటీ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ప్రపంచంలో నాకంటే బాగా కారు నడిపేవాడు లేడని. రెండు, ధ్యానం చేసేవాళ్ళకు భయమనేదే ఉండదని. ఇరవయ్యారేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు కదా (తెలిసిరావడం తర్వాత మొదలవుతుంది). విజయవాడలో ఆఫీసులు వదిలే వేళ, ఆటోల మధ్య నుంచి మా బాబాయి కారును ఒంటిచేత్తో తిప్పుకుపోయినవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని ఐర్లండ్ ప్రభుత్వం, "నీకు నడపడం వచ్చో రాదో మేం చూస్తాం, అందాకా కారుకు ముందూ వెనకా ఎల్ బోర్డు అంటించుకుని తిరుగు" అంటే ఒళ్ళు మండదూ? మండింది. అయినా అంటించుకున్నాను. అవసరం అలాంటిది.

లిమరిక్‌లో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలం. మా కంపెనీ కూడా పెరిగి పెరిగి, చోటు చాలక, ఊరవతల పచ్చిక బయళ్ళ మధ్య కొత్త భవనంలోకి మారింది. అక్కడికి బస్సు లేదు. నన్ను రోజూ తన కారులో తీసుకెళ్ళే సహోద్యోగిని ప్రసూతి సెలవు మీద వెళ్ళబోతోంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా మేనేజరు నన్ను పిలిచి, "తొందరేం లేదు. కానీ వేసవిలోగా నీ అంతట నువ్వే వచ్చి వెళ్ళే ఏర్పాటు చూసుకుంటే గ్రాండ్‌గా ఉంటుంది" అన్నాడు నవ్వుతూ. (ఐరిష్ మేనేజరు తొందరేం లేదన్నాడంటే కొంప మునుగుతోందని అర్థం. నాకు ఆ భాష అప్పటికే వచ్చు.) లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వర్క్ పర్మిట్ లేదు, పర్మిట్ లేకపోతే నేను పెట్టె సర్దుకోవాలి. ఆదరాబాదరాగా ఒక పాత చిన్న కారు కొన్నాను.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఎల్ బోర్డువాడు ఒంటరిగా నడపకూడదు, పక్కన ఇక్కడి పూర్తి లైసెన్సు ఉన్న మనిషి కూర్చుని తీరాలి. మా ఇంట్లో నలుగురు కుర్రాళ్ళం ఉండేవాళ్ళం, నలుగురివీ ఇండియా లైసెన్సులే. మా వరంగల్ రూమ్మేట్ తేల్చి చెప్పాడు. "నీ పక్కన నేను గూసుంటె గార్డ్స్, గదే ఈడి పోలీసులు, ఇద్దర్ని ఆపుతరు రా. పక్కింటి ధ్యానం ఆంటీని అడుగరాదు? ఆమెకు లైసెన్స్ ఉన్నది, కారు లేదు. నీకు కారున్నది, లైసెన్స్ లేదు. గంతకు తగ్గ బొంత!"

ధ్యానం ఆంటీ అని మేం పెట్టుకున్న పేరు. ఆవిడ అచ్చమైన లిమరిక్ ఐరిష్ మనిషి, డెబ్భైకి దగ్గర పడింది. వయసులో ఉండగా బర్మా వెళ్ళి, అక్కడి ఆశ్రమాల్లో ఏళ్ళ తరబడి విపశ్యన ధ్యానం నేర్చుకుని వచ్చి, అప్పటి నుంచీ ఇక్కడివాళ్ళకు నేర్పుతోంది. ప్రతి శనివారం పల్లెటూళ్ళో ఒక హాల్లో ఆవిడ క్లాసు. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్ నుంచి కూడా వచ్చేవాళ్ళున్నారంటే ఆవిడ పేరెంత దూరం వెళ్ళిందో చూడండి. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వక కారు అమ్మేసింది. బస్సులో వెళ్తే దిగాక చాలా దూరం కుంటుకుంటూ నడవాలి. నేను వెళ్ళి అడగ్గానే, "నువ్వు నన్ను క్లాసుకు తీసుకెళ్ళు, నేను నీ పక్కన కూర్చుంటాను" అంది. కాణీ ఖర్చు లేకుండా బేరం కుదిరింది.

మొదటి శనివారం నా ప్రతాపం చూపించాను. పల్లె దారులు ఇరుకు, ఇటూ అటూ మనిషెత్తు పొదలు, మలుపు అవతల ఏముందో కనబడదు. మన ఊళ్ళో అయితే ఏం చేస్తాం? హారన్ కొడతాం. కొట్టాను. మలుపు మలుపుకీ కొట్టాను. కంచె అవతల ఆవులు మేత మానేసి పరుగెత్తాయి. ఒక ఇంట్లోంచి పెద్దాయన ఒంటి మీద తువ్వాలుతోనే బయటికి వచ్చి, ఎవరికేం ప్రమాదం జరిగిందోనని ఆదుర్దాగా చూశాడు. నేను ఆయనకు కూడా ఒక హారన్ కొట్టి చెయ్యూపాను (మర్యాద కదా). ధ్యానం ఆంటీ ఒడిలో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని, "గ్రాండ్" అంది (ఇక్కడివాళ్ళ భాషలో బాగుంది, ఫర్వాలేదు అని). రౌండబౌట్ కూడలిలో పాల లారీకి అడ్డం పడి దూరినప్పుడూ "గ్రాండ్" అంది. ఆహా, ఏం ప్రశాంతత! మా అమ్మ అయితే ఈపాటికి ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసి ఉండేది.

క్లాసులో వెనక కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆవిడ కారు దిగి హాల్లో అడుగుపెట్టగానే శిష్యులంతా కళ్ళప్పగించి చూసేవాళ్ళు. స్వోర్డ్స్ నుంచి వచ్చే ఆవిడ ఒకసారి నా చెవిలో అంది: "ఈమధ్య మా టీచర్ ముఖంలో కొత్త వెలుగేదో వచ్చింది, గమనించారా? ఈ క్షణమే చాలన్నట్టు ఉంటుంది." నేను గమనించానన్నట్టు గంభీరంగా తలూపాను. ఆ వెలుగును వారం వారం మోసుకొచ్చే రథసారథిని నేనేనని లోలోపల పొంగిపోయాను కూడా.

మొదటి పరీక్ష తప్పాను. ఆకుపచ్చ లైటు పడినా ముందు కారు కదలకపోతే హారన్ కొట్టి, అద్దం దించి "పద, పద" అని చెయ్యూపానట. (ఊపాను. ఏం, పచ్చ లైటు పడ్డాక నిద్రపోతే?) వేసవి దగ్గర పడింది, ఇంకొక్క అవకాశమే మిగిలింది. మేనేజరు "తొందరేం లేదు" అనడం వారానికోసారి నుంచి రోజుకోసారికి మారింది. ఆ శనివారం నా ముఖం చూసి ధ్యానం ఆంటీ చెప్పింది: "హారన్ కొట్టొద్దని నేను అనను. చెయ్యి దాని మీదకు వెళ్ళే ముందు నీ లోపల ఏం జరుగుతోందో చూడు. ఏది కనబడితే దానికి పేరు పెట్టు. కోపమైతే కోపం, కోపం అనుకో. అది వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది." ఇంతేనా విపశ్యన అనిపించింది. చూడటం మొదలుపెట్టాక తెలిసింది, స్టీరింగ్ వెనక కూర్చున్నది నేనొక్కణ్ణే కాదు, ఒక జాతరే ఉందని. కోపం, గొప్ప, భయం, మళ్ళీ గొప్ప. మనసులో అనుకుంటే తప్పిపోతున్నాయని పైకే అనడం అలవాటైంది.

ఆ అలవాటే రెండో పరీక్షలో బయటపడింది. పక్కన తెల్ల మీసాల పరీక్షాధికారి. రౌండబౌట్ దగ్గర ఒకడు సిగ్నల్ ఇవ్వకుండా నా ముందుకు దూసుకొచ్చాడు. నా చెయ్యి లేచింది. నా నోరు దానంతట అదే, "కోపం... కోపం... పోతోంది" అంది ఇంగ్లీషులో.

"ఎవరు పోతున్నారు?" అన్నాడాయన కంగారుగా అద్దంలోకి చూస్తూ.

"కోపం సర్. పోయింది. ఇప్పుడు భయం వచ్చింది."

ఆయన అద్దం వదిలి నా వైపు తిరిగాడు. "అది కూడా పోతుందా?"

"పోవాలి సర్. అప్పుడప్పుడూ మళ్ళీ వస్తుంది."

"సరే. అందాకా ఎడమకు తిప్పు" అన్నాడు. కాగితం మీద ఏం రాసుకున్నాడో గానీ, తిరిగి వచ్చాక పాసయ్యావని చెప్పి చెయ్యి కలిపాడు. నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం నిలిచింది.

స్వీట్ డబ్బా పట్టుకుని తిన్నగా ధ్యానం ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను ఉదారంగా, "పాసయ్యానని మిమ్మల్ని వదిలేస్తాననుకోకండి. బతికున్నంత కాలం ప్రతి శనివారం నేనే తీసుకెళ్తాను" అన్నాను.

"వద్దు నాయనా" అంది ఆవిడ వెంటనే. ఆలోచించను కూడా లేదు. "ఇక నేను బస్సులో వెళ్తాను."

"అదేంటి ఆంటీ! మీ మోకాలు?"

"మోకాలు నొప్పి గ్రాండ్. దాన్ని భరించగలను." నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి మెల్లగా చెప్పింది. "బర్మాలో మరణం గురించి ధ్యానం చెయ్యమనేవాళ్ళు. ఎన్నేళ్ళు కూర్చున్నా నాకు సరిగ్గా కుదరలేదు. నీ కారులో మొదటి శనివారమే కుదిరింది."

"మరి గ్రాండ్, గ్రాండ్ అనేవారుగా!"

"అది నీతో కాదు, నాతో నేను చెప్పుకున్నాను."

ముఖంలో ఆ వెలుగు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ప్రాణాలతో కారు దిగినందుకు వచ్చిన వెలుగది. "అంత భయమైతే వారం వారం ఎందుకు ఎక్కారు?" అన్నాను, రోషం ఒకపక్కా సిగ్గు ఒకపక్కా.

"నీకు ఉద్యోగం కావాలి కదా" అంది, కప్పులో ఇంకాస్త టీ పోస్తూ.

తర్వాతి శనివారం మాట వినకుండా బస్టాపుకు వెళ్ళాను, మనసు మార్చుకుంటుందేమోనని. నన్ను చూసి నవ్వి, రెయిలింగ్ పట్టుకుని, ఆ మోకాలితో బస్సు మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యూపుదామని నేను చెయ్యెత్తేలోగానే తల అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది. బస్సింకా కదలనే లేదు. ఆ ముఖంలో అంత హాయి నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పరీక్ష పాసైన గర్వంతో రోడ్డు మీద చెయ్యెత్తుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అన్ని శనివారాలూ తానే ఆవిణ్ణి తీసుకెళ్తున్నాననుకున్నాడు, వెర్రివాడు.