స్కోరు పుస్తకంలో గడి లేని ఆట

తొంభైల చివర్లో, డిగ్రీ చదివే రోజుల్లో, నేను ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో స్కోరు రాసేదాన్ని. బళేపేటలో నాన్న గాజుల అంగడికి నాలుగు వీధుల అవతల ఉండేది ఆ కోర్టు. తమ్ముడు అక్కడే ఆడేవాడు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. బల్ల వెనక కూర్చుని రాసుకునేవాళ్లను ఎవరూ పలకరించరు కనుక ఆ పనికి ఒప్పుకున్నాను.

తమ్ముడికి అప్పుడు పదిహేడేళ్లు. ఏ గుమ్మంలోనైనా వంగి రావాల్సినంత పొడుగు. రింగు కింద నిలబడే సెంటర్ స్థానం వాడిది. క్లబ్బు గదిలో ఒక ఫోటో ఉండేది. ఒకప్పుడు ఇక్కడ అదే స్థానంలో ఆడి, తర్వాత దేశానికి ఆడిన మనిషిది. అంతటి సెంటర్ మళ్లీ పుట్టలేదని అందరూ అనేవారు. తమ్ముడు బంతి పట్టుకుంటే చాలు, మెట్ల మీద కూర్చున్న పెద్దవాళ్లలో ఒకరు ఆ ఫోటోలో మనిషిని తలుచుకుని "ఆయప్ప మాదిరే ఉండాడు చూడప్పా" అనేవారు. "మాదిరి ఉంటే అయిపోయిందా? ఆయప్ప కాలిగోటికి సరిపోడు" అని ఇంకొకరు కొట్టిపారేసేవారు.

ఆ మాట నాకు గుచ్చుకునేది. క్లబ్బు బీరువాలో పాత స్కోరు పుస్తకాలన్నీ ఉన్నాయి. సెలవుల్లో అవి తీసి, ఆ ఫోటోలో ఆయన మా తమ్ముడి వయసులో ఆడిన మ్యాచులన్నీ వెతికాను. నా డైరీలో ఒక పక్క ఆయన పాయింట్లు, ఇంకో పక్క తమ్ముడివి రాశాను. తమ్ముడివే ఎక్కువ. మళ్లీ కూడి చూసినా అంతే. డైరీ ఎవరికీ చూపించని నేను ఆ పేజీ వాడికి చూపించాను.

"నిజంగానా అక్కా? ఆయప్ప కంటేనా?"

"ముందు నేనూ నమ్మలేదురా. పుస్తకంలో ఉండాది కదా."

"ఇంగ ఆ ముసిలోళ్లు నోరెత్తనీ, చెప్తా!"

అంతవరకు వాడు బంతి అందుకోగానే చుట్టూ చూసేవాడు, ఖాళీగా ఉన్నవాడికి ఇచ్చేసేవాడు. ఆ తర్వాత రింగు ఒక్కటే చూడటం మొదలుపెట్టాడు. పాయింట్లు పెరిగాయి. మధ్యలో నా వైపు తిరిగి కనుబొమలెగరేస్తే, ఎన్నయ్యాయో వేళ్లతో చూపించేదాన్ని. సంబరంగానే చూపించాను.

రాష్ట్ర జూనియర్ జట్టు ఎంపిక మా కోర్టులోనే జరిగింది. ఆ జట్టులో ఆడాలన్నదే వాడి కోరికంతా. మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆ రోజు అందరికంటే ఎక్కువ పాయింట్లు వాడివే. జాబితాలో వాడి పేరు లేదు.

మా క్లబ్బు కోచ్ వాడిని నా బల్ల దగ్గరే ఆపాడు. "పక్కోడు ఖాళీగా నిలబడి చెయ్యెత్తితే ఒక్కసారన్నా ఇచ్చినావా? ఏమైందప్పా నీకు?"

"ఆయప్ప కంటే నేనే ఎక్కువ కొట్టినా సార్. పాత పుస్తకాల్లో చూడండి."

"ఆయప్ప ఎక్కడ కొట్టినాడురా! ముగ్గురు తన మీదికొచ్చే దాకా ఆగి పక్కోడికి ఇస్తా ఉన్నాడు. రింగులో ఏసినోడి పేరే రాస్తారు. ఇచ్చినోడిది ఎవురు రాస్తారు? ఎవురు చెప్పినారు నీకు ఈ లెక్క?"

నేను కలం పట్టుకుని అక్కడే కూర్చున్నాను. పాస్ ఇచ్చినవాడికి మా పుస్తకంలో గడి లేదని రోజూ రాసే నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే చూసినా" అన్నాడు తమ్ముడు.

ఇంటికి నడిచి వస్తుంటే "నీ పేరు ఎత్తలేదులే అక్కా, భయపడొద్దు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ లెక్క చూపించింది నేనేనని చెప్పేద్దామని మర్నాడు క్లబ్బుకు వెళ్లాను. కోచ్ బంతుల్లో గాలి కొడుతున్నాడు. "ఏమ్మా?" అన్నాడు. నోటిదాకా వచ్చింది.

"పరీక్షలున్నాయి సార్. ఇంక స్కోరు రాసేకి రాలేను" అన్నాను.

"బాగా చదువుకో పో. ఇన్ని దినాల్లో నీ లెక్క ఒక్కసారీ తప్పలేదమ్మా."

తలూపి వచ్చేశాను. తమ్ముడు మాత్రం ఆట మానలేదు. మళ్లీ చుట్టూ చూసి బంతి ఇస్తున్నాడని మెట్ల మీది పెద్దవాళ్లు నాన్నతో చెప్పారట. చూడటానికి నేను వెళ్లలేదు.