పెద్దాసుపత్రా, పెద్దవాళ్ల ఆసుపత్రా

కొవిడ్ రెండో విడత తగ్గాక నన్ను తాడేపల్లిగూడెం నుంచి కొల్లేరుకు దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. సివిల్ సర్జన్ హోదాలో మత్తు డాక్టరుని. మత్తు డాక్టరు పేరు ఏ రోగికీ గుర్తుండదు. ఏదీ గుర్తుండకుండా చేయడమే మా ఉద్యోగం. అయినా ఎవరికి ఊపిరి కష్టమైనా ముందు మాకే కబురొస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే వచ్చింది. చర్చి నుంచి ఇంటికి వెళ్తుంటే చేపల చెరువు గట్టు మీద బండి జారి, ఆరేళ్ల కీర్తన తలకు దెబ్బ తగిలింది. పిల్లని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టారు. మా జిల్లాలో పిల్లలకు అది రిజర్వేషను సీటు. పడగానే ఏడ్చిందట, మాట్లాడిందట. తర్వాత వాంతి చేసుకుని మగతలోకి జారింది.

తలదెబ్బ తగిలినవాళ్ల స్పృహకు మేము పదిహేను మార్కులు పెట్టుకుంటాం. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి వేస్తాం. ఎనిమిదికి దిగితే ఊపిరి బాధ్యత మేము తీసుకోవాలి. ఎదురుగా ఉన్న సెంటర్లో స్కాన్ తీయించి తెచ్చేసరికి కీర్తన మార్కులు ఎనిమిదికి దిగాయి. గొంతులోకి గొట్టం వేశాం. ఆ వయసుకు సరిపోయే గొట్టం మా దగ్గర ఉన్నందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఎక్కడికి పంపాలన్నది తేలాలి. "పక్కనే పెద్దాసుపత్రి ఉంది కదండీ, అక్కడికే రాసేయండి మేడమ్ గారూ," అన్నాడు మేనమామ యేసురత్నం. అంతస్తుల మీద అంతస్తులున్న ప్రైవేటు ఆసుపత్రి అది. అక్కడి న్యూరోసర్జన్‌కు స్కాన్ ఫొటోలు పంపి ఫోన్ చేశాను.

"ఇది ఇప్పుడు కోయాల్సింది కాదండి. మెదడు వాపు పెరగకుండా రాత్రింబవళ్లు కాపు కాయాలి. మా ఐసీయూ పెద్దవాళ్ల కోసం పెట్టింది మేడమ్, పిల్లల్ని చూసే నర్సులు లేరు. విజయవాడలో పిల్లల ఐసీయూ, న్యూరోసర్జన్ ఒక్కచోటే ఉన్నారు. నేను వాళ్లకి చెప్తాను, మీరు బయల్దేరండి," అన్నాడాయన. గుమ్మం దాకా వచ్చిన కేసును మా వల్ల కాదన్న ప్రైవేటు డాక్టర్లను నా సర్వీసులో అరుదుగా చూశాను.

యేసురత్నానికి నచ్చలేదు. "పెద్దాసుపత్రిని దాటించి అంత దూరం తీసుకెళ్తారేంటండీ? దారిలో ఏమన్నా అయితేనండీ?" ఆ భయం న్యాయమే, నాకూ ఉంది. చిన్న ఒంట్లో నెత్తురు తక్కువనీ, సెలైన్ కాస్త అటూ ఇటూ అయినా వాపు మీద పడుతుందనీ, రోజూ ఆ పనే చేసేవాళ్ల చేతిలో ఉండాలనీ పాఠం మొదలుపెట్టాను. అతను వినే స్థితిలో లేడు. పక్కనే ఇదంతా వింటున్న తల్లి మార్తమ్మ అంది:

"అన్నయ్యా, అది పెద్దోళ్ల ఆసుపత్రంట. మనకి పిల్లలాసుపత్రి కావాలంట."

నా పాఠం కన్నా ఆ ముక్క బాగా పనిచేసింది. అతనే ముందు వెళ్లి అంబులెన్సు తలుపు తీశాడు.

నేనూ వాళ్లతో ఎక్కాను. ఏలూరు దాటుతుండగా ఒక కంటిపాప పెద్దదైంది. లోపల ఒత్తిడి పెరిగిందని గుర్తు. వాపు తగ్గించే మందు ఎక్కిస్తే నెమ్మదిగా సర్దుకుంది. విజయవాడలో దిగగానే అక్కడి నర్సు అడిగిన మొదటి మాట, "పాప బరువెంతండీ?" పిల్లలకు ప్రతి మందూ బరువును బట్టే లెక్క; ఆ ప్రశ్న వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది.

వాపు తర్వాత ఇంకా పెరిగింది. వాళ్లు పిల్లని వదలకుండా కనిపెట్టుకుని ఉన్నారు. ఆపరేషన్ అవసరం పడలేదు. చాలా నెలలు మాట తడబడింది, అదీ అక్కడే మళ్లీ నేర్పించారు. ఇప్పుడు బడికి వెళ్తోంది, లెక్కల్లో కాస్త వెనకబడిందట. మార్తమ్మ నాకు కొరమీనులు పంపడం మానలేదు.

అంతే జాగ్రత్తగా చూసినా దక్కని పిల్లలు ఉన్నారు, అది దాచను. కానీ ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, తలదెబ్బ తగిలిన పిల్లని పంపేముందు నా మొదటి ప్రశ్న ఒక్కటే: రేపు ఆ మంచం పక్కన ఎవరుంటారు? దానికి "మా దగ్గర ఎవరూ లేరండి" అని నిజం చెప్పిన ప్రతి డాక్టరుకూ రుణపడి ఉన్నాను.