అరటిబోదెకు కప్పిన పులి దుప్పటి

నాతో పనిచేసిన కోనసీమ మనిషిని సౌదీ నుంచి, ఉద్యోగాలు ముందు సొంత దేశస్థులకే అనే నితాఖాత్ చట్టమే ఇంటికి పంపిందని అందరూ అనుకుంటారు. పరాయి పనివాళ్ళ మీద వేసిన లెవీ మోయలేక, మమ్మల్ని తెచ్చుకున్న యజమాని కఫీల్ పంపేశాడని అతనూ అదే చెప్పుకున్నాడు. అది సగం నిజం. మిగతా సగం నేను.

అభా కొండల మీద మా కఫీల్‌కు ఒక తోట ఉండేది. కాపలా, తోటపని మా ఇద్దరివే. ఒకసారి ఆయన కింద జిజాన్ నుంచి అరటి పిలకలు తెచ్చాడు. ఈ చలిలో బతుకుతాయా అని అడిగితే, తెలుగువాడు నాటితే బతక్క చస్తాయా అన్నాను. జగిత్యాల వైపు వాణ్ణి. అరటితో నాకున్న పరిచయమల్లా పెళ్ళిపందిళ్ళకు బోదెలు కట్టడమే.

అతను సూదుల్లాంటి సన్నాకుల పిలకలు ఏరుకున్నాడు. నేను వెడల్పాకులతో కళకళలాడేవి ముందే లాగేసుకుని, పాపం వీడికి ఏరుకోవడం కూడా రాదనుకున్నాను. దుంప బలం సన్నాకుల వాటికే ఉంటుందని నాకప్పుడు తెలీదు.

చలి మొదలవుతుండగా కఫీల్ తేల్చి చెప్పాడు. ఇకమీదట ఒక్కరికే ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ చేయిస్తాడు. ఎవరికన్నది తోట చూసి నిర్ణయిస్తాడు.

మర్నాడే అతను తన మొక్కల్ని మోకాలెత్తున నరికేసి, మోళ్ళ మీద ఎండుగడ్డి కప్పాడు.

"గిట్ల నరికితే సచ్చిపోవా తమ్మీ?"

"ప్రాణం పైన లేదన్నయ్యా, దుంపలో ఉంది. నీవి కూడా కోసేసి, నీళ్ళు మానెయ్."

నన్ను ముంచడానికే చెబుతున్నాడనుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళడానికి దాచుకున్న పులిబొమ్మ దుప్పట్లు తీసి నా మొక్కలకు చుట్టాను. గల్ఫ్ నుంచి ఆ దుప్పటి లేకుండా దిగితే మా ఊళ్ళో మనిషిగా లెక్కపెట్టరు. నేను పలచటి చద్దరు కింద వణుకుతూ, పొద్దున్నే లేచి వాటికి నీళ్ళు కూడా పోసేవాణ్ణి. పక్క తోట పాకిస్తానీ డ్రైవర్ ఆగి, పెళ్ళికూతుళ్ళకు నికా ఎప్పుడని అడిగేవాడు.

పొగమంచుకీ జల్లులకీ దుప్పట్లు నానిపోయాయి. విప్పి చూస్తే లోపల బోదెలు కుళ్ళి జారిపోతున్నాయి. పులులు మాత్రం బాగానే ఉన్నాయి.

అప్పుడే కఫీల్ వచ్చాడు. ఒక వరస మోళ్ళు, ఒక వరస కుళ్ళు. ఇదంతా ఏమిటన్నాడు. నరికింది అతనే, ఆ కోతల్లో పుట్టిన తెగులే నా వరసకు పాకిందని చెప్పాను. అతనికి అరబ్బీ అంతగా రాదు. ఆయనతో ఏం మాట్లాడాలన్నా నా నోటి మీదుగానే.

"గడ్డి తీసి దుంప చూడమను అన్నయ్యా. బతికే ఉంది. ఎండ తగిలితే లేస్తాదని చెప్పు."

కఫీల్ నా వైపు చూశాడు.

"తప్పయింది, క్షమించమంటున్నాడు" అన్నాను.

అతను ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాతో తగువు పడలేదు. 'క్షమించు' అనే ఆ కాస్త అరబ్బీ అతనికి తెలుసో లేదో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఎండలు ముదిరాక గడ్డిని చీల్చుకుని అతని వరసంతా లేచింది. నేనే బతికించాననుకుని కఫీల్ పొంగిపోయి నా ఇఖామా రెన్యువల్ చేయించి, బంధువుల్ని పిలిచి, అరటి చలికి ఎలా తట్టుకుంటుందో చెప్పమన్నాడు. దుంప బతికే ఉంటుంది, ఎండ తగిలితే లేస్తుంది అని, అతను చెప్పమన్న మాటే ఒక్క ముక్క వదలకుండా అరబ్బీలో చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.